ఇంటి ఆవరణలో పనిగది: హైదరాబాద్‌లో అనుమతి తీసుకునే పద్ధతి

భవన అనుమతి దరఖాస్తులో అభిరుచికి గడి ఉండదు. చెక్కపనికైనా, చిన్న లేత్ మెషీనుకైనా, పాత రేడియోలు బాగుచేసుకోవడానికైనా, కుమ్మరి చక్రం తిప్పుకోవడానికైనా, మీరు కట్టదలచుకున్న గది గురించి టౌన్ ప్లానింగ్ విభాగం అడిగేవి మూడే ప్రశ్నలు: అది ఎక్కడ ఉంటుంది, ఎంత ఉంటుంది, దేనికి వాడతారు. ఈ మూడింటికీ కాగితం మీద ఇచ్చే సమాధానమూ, నేలమీద కనిపించే సమాధానమూ ఒకటే అయితే అనుమతి కష్టమైన పని కాదు. నాకు తెలిసిన వారిలో ఇబ్బంది పడినవాళ్లందరూ ఈ రెండింటికీ పొంతన కుదరకనే పడ్డారు. సొంత స్థలంలో విడి ఇల్లు ఉన్నవారిని ఉద్దేశించి ఇది రాస్తున్నాను. ఫ్లాట్లలో, అద్దె ఇళ్లలో ఉండేవారి సంగతి చివరి భాగంలో ఉంది.

అసలు అనుమతి ఎప్పుడు అవసరం

ఇప్పటికే ఉన్న గదిలో గోడలు, శ్లాబు, బీములు కదిలించకుండా బల్ల వేసుకుని, అలమరలు బిగించుకుని, రెండు ప్లగ్గులు అదనంగా పెట్టించుకుంటే దానికి భవన అనుమతి అక్కర్లేదు. అందుచేత నా మొదటి సలహా కొంత నిరుత్సాహంగా ఉంటుంది: ఇంట్లో ఏదైనా గది ఖాళీగా ఉంటే, ఆరు నెలలు అందులోనే పనిచేసి చూడండి. నిజంగా ఏ మెషీను ఎంతసేపు వాడుతున్నారో, దుమ్ము ఎటు పోతోందో, ఎంత స్థలం చాలడం లేదో అప్పుడే తెలుస్తుంది. ఆ అనుభవం లేకుండా గీయించిన ప్లాన్‌ను తర్వాత మార్చాలంటే దరఖాస్తు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి.

కొత్తగా గది లేపినా, ఉన్న గదిని బయటికి పెంచినా అనుమతి తప్పనిసరి. ‘రేకుల షెడ్డుకు పర్మిషన్ ఎందుకండీ, బోల్టులు విప్పేస్తే పోతుంది కదా’ అని మేస్త్రి ధైర్యం చెబుతాడు. ఆ ధైర్యాన్ని నమ్ముకోవద్దు. జీహెచ్‌ఎంసీ చట్టం 1955 భవనం అనే మాటను నిర్వచిస్తూ ఇంటితో పాటు షెడ్డును, గుడిసెను, గోడను కూడా అందులో చేర్చింది. ఇటుకతో కట్టారా, చెక్కతోనా, ఇనుముతోనా అన్న తేడా కూడా పాటించలేదు. అదే చట్టంలో 428వ సెక్షన్ కొత్త నిర్మాణానికి, 433వ సెక్షన్ ఉన్న భవనంలో చేర్పులు, మార్పులకు ముందుగా తెలియజేసి అనుమతి పొందాలంటాయి. అనుమతి లేకుండా కడితే 452వ సెక్షన్ కింద సంజాయిషీ నోటీసు వస్తుంది, 636వ సెక్షన్ కింద తొలగిస్తారు. నగర పాలక సంస్థ పరిధి ఈమధ్య మారుతూ వస్తున్నందున, మీ ఇల్లు ప్రస్తుతం ఏ సంస్థ కిందికి వస్తుందో, ఏ సర్కిల్ కార్యాలయానికి వెళ్లాలో తాజా ఆస్తిపన్ను రసీదులో చూసుకోవడం మంచిది.

పాత ప్లాన్‌ను వెతకండి

కొత్త గది అనుమతి పాత ఇంటి అనుమతి మీద నిలబడుతుంది. కాబట్టి ఆర్కిటెక్టును కలవడానికి ముందే ఇంటి మంజూరు ప్లాన్‌ను సంపాదించాలి. తండ్రుల కాలంలో కట్టిన ఇళ్లలో ఈ కాగితం బీరువా అడుగున, పెళ్లి పత్రికల కింద, మడతలు చిరిగిపోయి దొరుకుతుంది. చాలా ఇళ్లలో దొరకదు. దొరకనప్పుడు పర్మిట్ నంబరు లేదా ఇంటి నంబరు, ఆస్తిపన్ను గుర్తింపు సంఖ్య రాసి సర్కిల్ కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు కోరవచ్చు. స్పందన రాకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం 2005 కింద అడగవచ్చు. దానికి 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ప్లాన్ చేతికి వచ్చాక టేపు పట్టుకుని ఇల్లంతా కొలవండి. ఇది ఎవరికీ ఇష్టంలేని పని, ఎందుకంటే మనం చూడదలచుకోనివన్నీ అప్పుడే బయటపడతాయి. ప్లాన్‌లో ఒకే అంతస్తు ఉండి పైన మరొకటి లేచి ఉండవచ్చు, వెనుక వదలాల్సిన చోట బాత్రూము వచ్చి ఉండవచ్చు, మెట్లు పక్క సెట్‌బ్యాక్‌లోకి, అంటే హద్దు వెంబడి ఖాళీగా వదలాల్సిన చోటులోకి, జరిగి ఉండవచ్చు. పాత నిర్మాణమే మంజూరుకు భిన్నంగా ఉంటే, కొత్త గదిని మాత్రం సక్రమంగా చూపించి అనుమతి అడగడం కుదరదు. పరిశీలనకు వచ్చిన అధికారి ఇల్లంతా చూస్తాడు గాని మీరు చూపించిన మూల ఒక్కటే చూడడు. ‘బీఆర్‌ఎస్‌కు అప్పుడే అప్లై చేశాం’ అని కొందరు నిశ్చింతగా ఉంటారు. 2015 నాటి ఆ భవన క్రమబద్ధీకరణ పథకంలో దరఖాస్తు పెట్టడం వేరు, క్రమబద్ధీకరణ ఉత్తర్వు చేతికి రావడం వేరు. దరఖాస్తు రసీదును అనుమతిగా చూపించలేరు. తొలగించగలిగిన చిన్న ఉల్లంఘన ఉంటే, నా అభిప్రాయంలో, దాన్ని ముందే తొలగించి ఫొటో తీసి పెట్టుకోవడం అన్నిటికన్నా చవక.

ఎక్కడ కట్టాలి

పనిగది అనగానే మనవాళ్లకు మూడు చోట్లు తోస్తాయి: వెనుక పెరడు, కింద స్టిల్టు, పైన మేడ. వాస్తు ప్రకారం నిప్పుతో, మెషీన్లతో చేసే పనికి ఆగ్నేయ మూల మంచిదని పెద్దలు నాలుగో మాట కలుపుతారు. ఆ మూల సెట్‌బ్యాక్‌లో పడితే మాత్రం వాస్తు సరిపోయినా ప్లాన్ పాస్ కాదు.

ముందుగా పెరడు సంగతి. 2012 ఏప్రిల్‌లో 168వ నంబరు ఉత్తర్వుగా వచ్చిన భవన నియమాలలో ప్లాటు విస్తీర్ణం, ముందున్న రోడ్డు వెడల్పు, భవనం ఎత్తు అనే మూడింటిని బట్టి ఎంత ఖాళీ వదలాలో పట్టిక ఉంది. 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో, అంటే సుమారు 120 నుంచి 240 గజాల స్థలంలో, 12 మీటర్లలోపు రోడ్డు ఉన్నప్పుడు ముందు వైపు 1.5 మీటర్లు, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు వదలాలి. ప్లాటు పెద్దదయ్యే కొద్దీ వదలాల్సినదీ పెరుగుతుంది. మనది మూడు కొలతల ఊరు: రిజిస్ట్రేషన్ గజాలలో, మేస్త్రి అడుగులలో, నియమాలు మీటర్లలో. మీటరంటే 3 అడుగుల 3 అంగుళాల పైచిలుకు. మేస్త్రి లెక్కలో అది ‘మూడడుగులే’. నా పనిగదికి పునాది తవ్వినప్పుడు దారం సరిగ్గా మూడడుగులకే కట్టారు, సాయంత్రం టేపు పెట్టి చూస్తే గాని తెలియలేదు. కందకం జరిపించడానికి ఒక రోజు కూలీ అదనంగా అయింది. గోడ లేచాక చూసుకుని ఉంటే ఎంతయ్యేదో లెక్కవేయడం ఇష్టంలేదు.

ఇక ఆ లెక్క గదిని ఏం చేస్తుందో చూడండి. ఇంటి వెనుక గోడ నుంచి స్థలం హద్దుదాకా 12 అడుగులు ఉందనుకుందాం. మీటరు వదిలితే మిగిలేది 8 అడుగుల 8 అంగుళాలు. బయటి గోడ 9 అంగుళాలది కడితే లోపల 8 అడుగులు కూడా పూర్తిగా రాదు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉండే ప్లైవుడ్ షీటును పడుకోబెట్టి తిప్పాలంటే మూల నుంచి మూలకు 8 అడుగుల 11 అంగుళాలు కావాలి. అంటే ఆ గదిలో షీటు పొడవుగా ఒక్క దిక్కునే ఉండగలదు. టేబుల్ సా (బల్లకు బిగించిన కరెంటు రంపం) వాడేవారికైతే కోతకు ముందు ఎనిమిది అడుగులు, కోత తర్వాత ఎనిమిది అడుగులు ఖాళీ ఉండాలి. కనుక అలాంటి పెరట్లో గదిని అడ్డంగా కాక హద్దు వెంబడి పొడవుగా, 18 అడుగులకు తగ్గకుండా గీయించి, మెషీను మధ్యలో వచ్చేట్టు చూసుకోవాలి. ఈ లెక్క ఆర్కిటెక్టు వేయడు, మీరే వేయాలి. ఇంకో సంగతి: గదిని ఇంటి వెనుక గోడకు ఆనించి కడితే వంటగది, పడకగది కిటికీలు మూసుకుపోతాయేమో చూడండి. నివాసపు గదులకు బయటి గాలి, వెలుతురు అందాలన్న నియమం కొత్త గది వల్ల చెడితే ప్లాన్ అక్కడే ఆగిపోతుంది.

స్టిల్టు గురించి ఒక్కటే మాట: వద్దు. స్తంభాల మీద లేపిన ఇంటికి కింద వదిలిన స్థలం బండ్లు నిలపడానికే మంజూరవుతుంది, భవనం ఎత్తులో దాన్ని లెక్కించకపోవడానికీ కారణం అదే. రెండు వైపులా గోడ కట్టి, షట్టరు వేసి, లేత్ మెషీను పెడితే అది పార్కింగ్ దుర్వినియోగం కిందికి వస్తుంది. దీన్ని నేను కేవలం నియమం కోసం చెప్పడం లేదు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం నేల అంతస్తులో నిల్వ ఉంచిన రసాయన డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో ఉన్నవారిలో కనీసం తొమ్మిది మంది చనిపోయారు. అభిరుచి కోసం రెజిన్, థిన్నర్, పాలిష్ వాడేవాళ్లు కొనే డబ్బాలు చిన్నవే కావచ్చు గాని, మెట్ల మొదట్లో మంట లేస్తే పైవాళ్లకు దిగే దారి ఉండదు.

మేడమీద గది చాలామందికి ఆకర్షణ, ఎందుకంటే అక్కడ స్థలం ఉచితంగా దొరికినట్టు కనిపిస్తుంది. మెట్ల పైకప్పు గది, నీళ్ల ట్యాంకు భవనం ఎత్తులో లెక్కకు రావు, పనిగది వస్తుంది. ఇప్పటికే జీ ప్లస్ టూ ఉన్న ఇంటి మీద రేకుల గది వేస్తే అది మరో అంతస్తే. అదీగాక భారత ప్రమాణాల ప్రకారం నివాసపు గదుల శ్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారానికి, మనుషులు తిరిగే మేడను సుమారు 150 కిలోల భారానికి లెక్కకట్టి డిజైన్ చేస్తారు. రెండు వందల కిలోల లేత్ మెషీను నాలుగు కాళ్ల మీద నిలబడి అదురుతూ ఉంటే ఆ లెక్క మారిపోతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు ఇల్లు చూసి రాసిచ్చిన పత్రం లేకుండా మేడమీద బరువైన మెషీను పెట్టవద్దు. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలికి ఈ ఊళ్లో ఎన్ని రేకులు ఎగిరి పక్కింటి మీద పడతాయో మీకూ తెలుసు.

భూమి కాగితాలు

ఇల్లు ఇప్పటికే సక్రమ అనుమతితో ఉంటే ఈ భాగం త్వరగా దాటిపోతుంది. ప్లాటు అనుమతి లేని లేఅవుట్‌లోది అయితే ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ఉత్తర్వు చూపించాలి. అది లేకపోతే ఖాళీస్థలం వాటాగా భూమి విలువలో 14 శాతం చార్జీలు మీదపడతాయి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధిత జాబితాలో మీ సర్వే నంబరు ఉందేమో, మాస్టర్ ప్లాన్ రోడ్డు విస్తరణలో ముందు భాగం పోతుందేమో కూడా చూసుకోవాలి.

చెరువు పక్కన ఉన్నవారు మాత్రం ఇక్కడ ఆగి ఆలోచించాలి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల దాకా, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్ల దాకా ఏ నిర్మాణమూ చేయకూడదు. నాలా వెడల్పు పది మీటర్లకు మించితే 9 మీటర్లు, పది మీటర్లలోపైతే 2 మీటర్లు వదలాలి. ఇల్లు ముప్ఫై ఏళ్ల క్రితం కట్టినా, కొత్త దరఖాస్తు పెట్టిన రోజున ఈ కొలతలన్నీ కొత్తగా చూస్తారు. 2024 జులైలో చెరువులు, నాలాల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడిన తర్వాత ఈ హద్దుల విషయంలో ఎవరూ చూసీచూడనట్టు ఉండడం లేదు.

దరఖాస్తు ఏ దారిలో వెళ్తుంది

2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం దరఖాస్తులను స్థలాన్ని బట్టి మూడు దారుల్లోకి విడదీసింది. 75 గజాలలోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అనుమతి అవసరం లేదు, ఒక్క రూపాయి చెల్లించి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. 75 నుంచి 600 గజాల స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు ఉండే ఇంటికి స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించితే సింగిల్ విండో కింద 21 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించాలి. 2025లో బిల్డ్‌నౌ అనే కొత్త ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చింది కాబట్టి, దరఖాస్తు పెట్టే రోజున మీ ప్రాంతానికి ఏ పోర్టల్ నడుస్తోందో మీ లైసెన్సుదారు ఇంజనీరును అడగండి. మన ఇళ్లలో ఎక్కువ భాగం రెండో దారిలోకి వస్తాయి.

ఈ రెండో దారి సులువుగా కనిపిస్తుంది, అందుకే దాని బరువు తెలుసుకోవాలి. స్వీయ ధ్రువీకరణ అంటే ప్రభుత్వం మీ మాట నమ్మి కాగితం ఇచ్చింది గాని, మీ మాటను పరీక్షించి ఇవ్వలేదు. పరిశీలన తర్వాత జరుగుతుంది. 21 రోజుల్లోగా తప్పు సమాచారం బయటపడితే అనుమతిని రద్దు చేయవచ్చు. ఉల్లంఘించి కట్టిన దాన్ని నోటీసు లేకుండానే కూల్చే అధికారాన్ని కూడా ఆ చట్టం ఇచ్చింది. అందుకని, అనుమతి ఆ రోజే వచ్చినా, పరిశీలన గడువు ముగిసేదాకా పునాది తవ్వకపోవడం మేలని నా సలహా. ఆ మూడు వారాల్లో కర్ర కొనుక్కోండి, అది ఎండుతూ ఉంటుంది.

డ్రాయింగులో గదికి ఏం పేరు పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇంజనీర్లు అలవాటు కొద్దీ ‘స్టోర్’ అని రాసేస్తారు. వద్దనండి. స్టోరు అని రాసిన చోట మనిషి రోజూ నాలుగు గంటలు మెషీను నడుపుతూ కనిపిస్తే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరు. ‘వర్క్‌షాప్’ అని ఒంటి మాట రాస్తే పరిశ్రమ అనుకునే ప్రమాదం ఉంది. నివాస వినియోగంలో భాగమైన ‘హాబీ గది’ అని రాయించడం నిజానికీ దగ్గర, నియమానికీ దగ్గర. నేను ఇంకో అడుగు వేసి, పెట్టబోయే మెషీన్ల పేర్లు, వాటి మోటార్ల సామర్థ్యం, అమ్మకం లేదన్న మాట ఒక పేజీలో రాసి దరఖాస్తుకు జతచేశాను. ఎవరూ అడగలేదు, కాని తర్వాత కరెంటు వాళ్ల దగ్గర అదే పనికి వచ్చింది.

సేల్ డీడ్, దాని లింకు పత్రాలు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), తాజా ఆస్తిపన్ను రసీదు, పాత మంజూరు ప్లాన్, స్థలం ఫొటోలు, లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టు లేదా ఇంజనీరు గీసి సంతకం చేసిన డ్రాయింగు, స్ట్రక్చరల్ ఇంజనీరు హామీపత్రం సిద్ధంగా ఉంచుకుంటే చాలు. అన్నదమ్ముల పేర్ల మీద ఉమ్మడిగా ఉన్న ఇంటికి అందరి సంతకాలూ కావాలి. మా తమ్ముడు ఏమీ అనడులే అన్నది పత్రం కాదు. ఇంజనీరును ఎంచుకునేటప్పుడు అతని లైసెన్సు ప్రస్తుతం చెల్లుబాటులో ఉందో లేదో చూడండి. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో కూడా గమనించండి. దరఖాస్తును మీ సొంత నంబరుతోనే నమోదు చేయించాలి, ఎందుకంటే అందులో ఏ ప్రకటన చేసినా చట్టం ముందు అది మీరు చేసినట్టే. అప్‌లోడ్ చేయడానికి ముందు ప్రతి పేజీ చదవండి. ‘అవన్నీ మామూలు ఫార్మాట్లే సార్’ అంటారు. ఆ ఫార్మాట్లలోనే రోడ్డు వెడల్పు ఉంటుంది, ఎత్తు ఉంటుంది, వెనుక వదిలిన ఖాళీ ఉంటుంది.

ఫీజుల లెక్క పోర్టల్‌లోనే వస్తుంది. వాటితో పాటు భవన కార్మికుల సంక్షేమానికి నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు ఉంటుంది గాని, సొంత నివాసానికి నిర్ణీత పరిమితిలోపు ఖర్చుతో కట్టుకునేవారికి చట్టం మినహాయింపు ఇచ్చింది. ఒక్క గది కట్టుకునేవారు ఆ మినహాయింపును అడిగి రాయించుకోవాలి.

కట్టే రోజుల్లో

అనుమతి పత్రం, మంజూరు ప్లాన్ ప్రింట్లు స్థలంలోనే ఉంచండి. పునాది, స్తంభాలు, పైకప్పు దశల్లో టేపు కనిపించేట్టు ఫొటోలు తీసుకోండి. పక్కింటివారికి పని మొదలుపెట్టే ముందే వెళ్లి చెప్పండి. మున్సిపాలిటీకి వెళ్లే ఫిర్యాదుల్లో చాలా భాగం కొలతల గురించి కాదు, చెప్పకుండా మొదలుపెట్టారన్న కోపం గురించి. పాత గోడల శిథిలాలను నాలా పక్కన పోయకుండా జీడిమెట్ల, ఫతుల్లాగూడలలో ఉన్న నిర్మాణ వ్యర్థాల కేంద్రాలకు పంపించాలి. పని పూర్తయ్యాక నిర్మాణం ప్లాన్ ప్రకారమే ఉందని ఇంజనీరు చేత ధ్రువీకరింపజేసి, మీ కేటగిరీకి వర్తించే పక్షంలో ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకుని, పెరిగిన విస్తీర్ణాన్ని ఆస్తిపన్నులో నివాస వినియోగం కిందే చూపించండి.

కరెంటు, చప్పుడు

భవన అనుమతి వచ్చింది కదా అని మెషీన్లు తెచ్చి పాత మీటరుకే తగిలిస్తే రెండో తలనొప్పి మొదలవుతుంది. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. రెండు హార్స్‌పవర్ల టేబుల్ సా ఒకటిన్నర కిలోవాట్లు, ఒక హార్స్‌పవర్ దుమ్ము లాగే యంత్రం ముప్పావు కిలోవాటు, రెండు హార్స్‌పవర్ల కంప్రెసర్ మరో ఒకటిన్నర: ఇవి మూడే దాదాపు మూడు ముప్పావు కిలోవాట్లు అయ్యాయి, ఇంట్లో ఏసీ, గీజరు ఇంకా కలపలేదు. మంజూరైన లోడు మూడు కిలోవాట్లే ఉన్న ఇంట్లో ఇది చెల్లదు. దక్షిణ డిస్కమ్‌కు (విద్యుత్ పంపిణీ సంస్థకు) అదనపు లోడు కోసం దరఖాస్తు చేసి, ఐదు కిలోవాట్లు దాటేట్టుంటే త్రీ ఫేజు అడగండి. పనిగదికి విడిగా డిస్ట్రిబ్యూషన్ బోర్డు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి), మంచి ఎర్తింగు పెట్టించడం నియమం అడిగినా అడగకపోయినా చేయాల్సిన పని. వానాకాలంలో తడి నేలమీద చెప్పుల్లేకుండా నిలబడి డ్రిల్లు పట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది.

సొంత సరదాకు నడిపినంతకాలం గృహ వినియోగపు మీటరు సరిపోతుంది. అదే మీటరు మీద వ్యాపారం నడిస్తే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ ప్రకారం అనధికార వినియోగంగా పరిగణించి, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు లెక్కన, ఎప్పటి నుంచో తేలకపోతే వెనుకటి ఏడాది మొత్తానికీ వసూలు చేయవచ్చు.

చప్పుడుకు అనుమతి పత్రం అంటూ ఏదీ ఉండదు, పరిమితి మాత్రమే ఉంటుంది. శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం నివాస ప్రాంతంలో ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు 55 డెసిబెళ్లు, రాత్రి 45 డెసిబెళ్లు; ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లలో అంతకన్నా తక్కువ. యాంగిల్ గ్రైండర్ దగ్గర నిలబడితే దాదాపు 100 డెసిబెళ్లు వినిపిస్తుంది, కాబట్టి గోడలే ఆ తేడాను మింగాలి. రేకుల గోడ చప్పుడును ఆపకపోగా తానూ మోగుతుంది. ఇటుక గోడ, శ్లాబు, పక్కింటి వైపు కిటికీ లేకపోవడం, ఉన్న కిటికీ మన ఇంటి వైపే తెరుచుకోవడం — ఈ నాలుగూ ప్లాన్ దశలోనే నిర్ణయించుకోవాలి. నియమం రాత్రి పది దాకా ఒప్పుకున్నా, మధ్యాహ్నం పెద్దవాళ్లు నడుంవాల్చే వేళ, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంటర్, పదో తరగతి పరీక్షల కాలంలో గ్రైండర్ జోలికి పోకుండా చేతిపనులు చేసుకుంటే సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో మీ ఇంటి నంబరు వినబడదు.

చెక్కపని చేసేవారికి ఒక హెచ్చరిక. డిపోలో కొన్న సైజు కర్రను చిత్రిక పట్టుకోవడం వేరు, దుంగలు తెచ్చి బ్యాండ్ సా మీద చీల్చడం వేరు. రెండోది సామిల్లు పని, దానికి అటవీ శాఖ లైసెన్సు ఉండాలి. ముషీరాబాద్, బోయిగూడ డిపోలలో కొన్న కర్రకు బిల్లు అడిగి తీసుకుని ఫైలులో దాచండి. వంటగ్యాస్ సిలిండరును బ్రేజింగుకు, అంటే లోహాలను వేడిచేసి అతకడానికి, వాడడం కూడా కుదరదు, అది వంటకే ఇచ్చినది.

ఫ్లాట్లలో, అద్దె ఇళ్లలో ఉండేవారు

ఫ్లాటులో కొత్త నిర్మాణమనే ప్రశ్నే లేదు. మేడ, స్టిల్టు, కారిడారు అందరివీ; సంఘం అధ్యక్షుడు నోటిమాటగా సరేనన్నా అవి మీవి కావు, తర్వాతి అధ్యక్షుడికి ఆ మాట గుర్తుండదు. బాల్కనీని గోడ కట్టి మూయడం కూడా ప్లాన్‌ను మార్చడమే. మిగిలింది లోపలి గది. అందులో బల్ల కింద రబ్బరు మ్యాటు వేసుకుని, చేతి పనిముట్లతో, సోల్డరింగుతో, చిన్న త్రీడీ ప్రింటరుతో చేసుకోగలిగిన పనులు చాలా ఉన్నాయి. సంఘం సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించుకుని క్లబ్‌హౌస్ మూల ఒకదాన్ని అందరి పనిగదిగా మార్చుకున్న చోట్లు కూడా లేకపోలేదు. అద్దెకున్నవారు యజమాని చేత రాతపూర్వకంగా ఒప్పించుకోవాలి. దరఖాస్తు యజమాని పేరునే వెళ్తుంది గాని కిరాయిదారు పేరున వెళ్లదు.

అమ్మకం మొదలైతే

ఈ దశ ఎప్పుడు వస్తుందో ఎవరూ ముందుగా అనుకోరు. మనవడికి చేసిన చెక్క గుర్రాన్ని చూసి పక్కింటావిడ మా వాడికీ ఒకటి చేసిపెట్టండి అంటుంది, ఆమె చెల్లెలు డబ్బిస్తానంటుంది, దసరాకు బొమ్మల కొలువు మెట్లు అడుగుతారు. బంధువులకు ఒకటి రెండు చేసిచ్చినంత మాత్రాన అది వ్యాపారం కాదు. ఆర్డర్లు తీసుకుని, సహాయకుణ్ణి జీతానికి పెట్టుకుని, వారం వారం సరుకు పంపుతున్నారంటే మాత్రం అది అభిరుచి కాదు. అప్పుడు జీహెచ్‌ఎంసీ చట్టం 521వ సెక్షన్ కింద ట్రేడ్ లైసెన్సు, దానికి తగ్గ కరెంటు కేటగిరీ, ఆస్తిపన్నులో నివాసేతర విలువ, అన్నిటికన్నా ముందు ఆ వీధిలో అలాంటి పనిని మాస్టర్ ప్లాన్ ఒప్పుకుంటుందా అన్న ప్రశ్న వరుసగా వస్తాయి. నివాస ప్రాంతంలో ఒప్పుకోకపోతే పనిగదిని మీ సరదాకు ఉంచుకుని, ఆర్డర్ల పనికి పారిశ్రామిక వాడలో చిన్న షెడ్డు అద్దెకు తీసుకోవడమే దారి. నా దగ్గర ఆ బొమ్మల కొలువు మెట్ల ఆర్డర్లు మూడు వచ్చాయి. మూడూ ముషీరాబాద్‌లో లైసెన్సు ఉన్న వడ్రంగికి పంపించాను.